నేను దాచిపెట్టిన నూట ఎనిమిదో పద్యం

ఆ పద్యం రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వంటింట్లో కందిబేడల డబ్బాలో దాచాను. హిందూపురంలో మా ఇంటికి వచ్చిపోయేవాళ్ళు టేబుల్ మీద ఏ పుస్తకం కనబడినా తెరిచి చూస్తారు గానీ, బేడల డబ్బాలో చెయ్యి పెట్టరు. నూట ఏడు పద్యాలున్న నోటుబుక్కు మాత్రం బయటే ఉండేది. నూట ఎనిమిదోది ఉందన్న సంగతి నాకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

దేవుడికి తెలియాలనే దాచాను. నాయన గొంతుకు ఏమీ లేదని రిపోర్టు వస్తే ఆ పద్యం నీకిస్తా, లేదంటే నీ శతకం నూట ఏడు దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత నీ ఇష్టం అని పటం ముందు నిలబడి సామికి మొహం మీదే చెప్పాను. కోపమొస్తే ఎదురుగా ఉన్నది మనిషా దేవుడా అని చూసే అలవాటు నాకు లేదు. ఆ రోజు కోపమైతే వచ్చింది గానీ, దాని కింద ఉన్నదంతా భయమే.

మా నాయనది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాడు. నాకు ఛందస్సు బళ్ళో రాలేదు, మగ్గం పక్కన కూర్చుని వచ్చింది. ఆయన నేస్తూ దేవుడి మీద పద్యాలు పాడేవాడు, నేను దారం కండెలు చుడుతూ వాటిని తిరిగి పాడేదాన్ని. తప్పు పాడితే నోటితో చెప్పేవాడు కాదు. పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో ఉంటుంది కదా, దానితో మగ్గం కొయ్య మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్ టక్. తప్పింది, మళ్ళీ మొదటి నుంచి పాడు అని అర్థం. సరిగ్గా పాడితే ఒక్కటే టక్, ఆపైన తన పని తను చూసుకునేవాడు. మెచ్చుకోవడం అనేది ఆయన దగ్గర లేదు.

ఆ రెండు దెబ్బలు వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. పెళ్ళయి హిందూపురం వచ్చి, మా ఆయనతో పాటు దారాల అంగట్లో కూర్చుని, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా అది తప్పలేదు. కొత్త పద్యం రాసి ఫోన్లో వినిపిస్తే అవతల నుంచి టక్ టక్.

"యాడ తప్పింది నాయనా?"

"నువ్వే చూసుకో మ్మే" అనేవాడు. అంతే, ఫోన్ పెట్టేసేవాడు.

నేను రాస్తున్న శతకం మా ఇంటి దేవుడి మీద. పెనుకొండలో కొండ మెట్లు సగం ఎక్కితే ఒక పెద్ద బండ కింద చిన్న గుడి ఉంది, ఆ సామి. అన్నీ ఆటవెలదులే. ప్రతి పద్యం చివరి పాదమూ ఒకటే: "కొండ మీది సామి కొలుతు నిన్ను." గొప్ప కవిత్వమని నేను చెప్పను. అంగట్లో గిరాకీ లేనప్పుడు రాసుకున్న పద్యాలు అవి.

నాయన వాళ్ళ భజన గుంపులో ఒక పద్ధతి ఉంది. శతకం పూర్తయితే దాన్ని గుడికి తీసుకుపోయి, మొదటి పద్యం నుంచి చివరి పద్యం దాకా పాడి, సామి పాదాల దగ్గర పెట్టాలి. మొదలుపెట్టాక మధ్యలో ఆగకూడదు. పాడేవాళ్ళకు ఊపిరి చాలకపోతే పక్కవాళ్ళు అదే మాట దగ్గర నుంచి పాట ఎత్తుకోవాలి. దాన్ని అందుకోవడం అంటారు. నలభై ఏళ్ళుగా ఆ గుంపులో ముందు పాడేది నాయనే. ఇన్నేళ్ళలో ఆయన నుంచి పాట అందుకున్నవాళ్ళు లేరు. ఎవరికీ ఆ అవకాశం ఇవ్వలేదు. "మీ నాయన గొంతు ఇడిస్తే కదా, ఇంకొకరు అందుకునేది!" అని అమ్మ ఎగతాళి చేసేది. నాయన ముసిముసిగా నవ్వేవాడు. ఆ నవ్వులో ఎంత పొగరు ఉండేదో నాకు తెలుసు, ఎందుకంటే అదే పొగరు నాకూ వచ్చింది.

ఉగాది అయిన కొద్ది రోజులకే ఆయన గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాడు, మాటలు తగ్గించాడు. గొంతు రాలేదు. మెట్లెక్కితే ఊపిరిలో చిన్న ఈల వినబడేది. నేనే పట్టుబట్టి హిందూపురంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు నాయన గొంతులోకి గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. వారం ఆగమన్నాడు. అప్పటికి నావి ఎనభై పద్యాలయ్యాయి. ఆ వారంలో కూడు, నిద్ర పట్టించుకోకుండా మిగిలినవన్నీ రాశాను. చివరిది రాసి, మడిచి, బేడల డబ్బాలో పెట్టాను.

బుధవారం రిపోర్టు వచ్చింది. డాక్టరు నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. "పెద్దాయనా, గొంతులో గడ్డ ఉంది. మంచి గడ్డ కాదు. స్వరపేటిక మొత్తం తీసేయాల. ఆపరేషన్ చేస్తే బతుకుతారు. కానీ మాట రాదు."

"ఎన్నాళ్ళు రాదు?" అని అడిగాడు నాయన.

"ఇంక రాదు" అన్నాడు డాక్టరు. బెంగళూరు ఆసుపత్రిలో సోమవారానికి పడక దొరుకుతుందనీ, ఇంకో నెల ఆగితే ఊపిరి దారే మూసుకుపోతుందనీ చెప్పాడు. కాగితాల ఫైలు అమ్మ చేతికిచ్చాడు. దాని మీద నాయన ఒప్పుకుని సంతకం పెట్టాలి.

నాయన లేచి నిలబడ్డాడు. "గొంతు సామి ఇచ్చినాడు. సామికే వదిలేసినా. కోసేదానికి నేను ఒప్పుకోను" అని, కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

ధర్మవరంలో ఈ మాట భజన గుంపులో తెలిసిపోయింది. ఎంత శరణాగతి, ఎంత నమ్మకం అని మెచ్చుకుంటూ ఇంటికి వచ్చి దండం పెట్టి పోతున్నారట. అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. అప్పటికప్పుడు ఫోన్ నాయనకు ఇమ్మన్నాను.

"ఇది శరణాగతి కాదు నాయనా, పొగరు. నీ గొంతు లేకపోతే సామికి పాట ఉండదనుకుంటాండావు."

అవతల ఊపిరిలో ఆ ఈల వినబడింది. తర్వాత ఫోన్ పెట్టేశాడు. కన్నతండ్రిని, అదీ ఆ స్థితిలో ఉన్న మనిషిని అంత మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది. అయినా తిరిగి ఫోన్ చేయలేదు. వంటింట్లోకి పోయి డబ్బా మూత తీసి, ఆ కాగితాన్ని పొయ్యి మీద పెట్టబోయి, మళ్ళీ బేడల్లోకే తోసేశాను. మాట తప్పింది నువ్వే అని సామిని తిట్టాను.

శనివారం పొద్దున నాయనే ఫోన్ చేశాడు. గొంతు ఇసుకలో నడిచినట్టు వస్తోంది.

"రేపు పెనుకొండకు రా మ్మే. శతకం తీసుకోని రా. నా గొంతు ఉండంగానే నేనే పాడి సమర్పిస్తా."

"నూట ఏడే ఉండాయి."

"ఇంకోటి?"

నాకు ఒక్కసారిగా ఆశ పుట్టింది. దేవుడి దగ్గర పనిచేయనిది నాయన దగ్గర పనిచేస్తుందేమో అనిపించింది. "ఉండాది. నువ్వు ఫైలులో సంతకం పెడితే ఇస్తా" అన్నాను.

"సామితో కూడా ఇట్లే మాట్లాడినావా ఏమి?" అన్నాడు.

పడక సోమవారానికే అని నేను మాట మార్చాను. అలా మాట మార్చడంతోనే ఆయనకు సంగతంతా తెలిసిపోయింది.

"రేపు రా" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. నోటుబుక్కు సంచిలో ఉంది, మడతపెట్టిన కాగితం నా గుప్పిట్లో ఉంది. దారి పొడవునా ఒకటే లెక్క. సోమవారం పడక పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఈరోజు సంతకం పడాలి. శతకం పూర్తి చేసి ఇస్తే ఇక ఈ లోకంలో తన పని అయిపోయిందని నాయన ఇంటికెళ్ళి పడుకుంటాడు. అందుకే చివరి పద్యం ఇవ్వకూడదు. ఇవ్వనని తెగేసి చెప్పాలి. పెనుకొండ బస్టాండులో దిగేసరికి గుప్పిట్లో కాగితం నలిగిపోయింది.

అమ్మా నాయనా ధర్మవరం నుంచి నాకంటే ముందే వచ్చి, టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నాయన మెడ చుట్టూ కండువా చుట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు గానీ ఒక్క మాట మాట్లాడలేదు. ఉన్న గొంతునంతా పైకి మోసుకుపోవాలని దాచుకుంటున్నాడని అర్థమైంది. అమ్మ చేతిసంచిలో ఆసుపత్రి ఫైలు అంచు కనబడుతోంది.

పదేసి మెట్లకు ఒకసారి ఆగాం. ఆగినప్పుడల్లా ఆ ఈల పెద్దదవుతోంది. "ఈడనే పాడు నాయనా, సామికి ఈడ నుంచి వినబడదా?" అన్నాను. నా వైపు చూడకుండా ఇంకో మెట్టెక్కాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గుడిలో పూజారి తప్ప ఎవరూ లేరు. నాయన సామికి ఎదురుగా నిలబడి నోటుబుక్కు తెరిచాడు. మొదటి పద్యం ఎత్తుకున్నాడు. గొంతులో మునుపటి కంచు లేదు, గరగరమనే శబ్దమే ఉంది. కానీ ఒక్క అక్షరం జారలేదు. పది పద్యాలయ్యాయి, ఇరవై అయ్యాయి. చివరి పాదాన్ని మేమూ కలిసి పాడాలి కాబట్టి నేనూ అమ్మా పాడుతున్నాం. మిగతా మూడు పాదాలూ ఆయన ఒక్కడే. నేను పద్యాలను వినడం లేదు, ఊపిరిని వింటున్నాను. నలభై దాటాక ప్రతి పాదం మధ్యలోనూ ఆగుతున్నాడు. యాభై దాటాక మొహం నల్లబడింది. కూర్చోమని పూజారి సైగ చేశాడు, ఆయన కూర్చోలేదు.

అరవై మూడో పద్యం రెండో పాదంలో ఆగిపోయాడు. నోరు తెరిచి ఉంది. పెదవులు మాటను పలుకుతున్నాయి. గాలి వస్తోంది, శబ్దం రావడం లేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఏమీ రాలేదు.

ఆ పద్యాలన్నీ నేను రాసినవే, అన్నీ నోటికి వచ్చు. అయినా నోరు పెగల్లేదు. నాయన పాడుతుండగా అందుకోవడం అనేది మా ఇంట్లో ఎవరమూ చేయని పని. అందుకుంటే ఆయన గొంతు పోయిందని నేనే చాటినట్టవుతుంది.

"అందుకో మ్మే!" అని అమ్మ నా వీపు మీద గట్టిగా కొట్టింది. "ఆగిపోతాది, అందుకో!"

ఆయన ఏ మాట దగ్గర ఆగాడో ఆ మాట నుంచే అందుకున్నాను. నాయన గిర్రున తిరిగి నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన రెండు అడుగులు వెనక్కి వేసి, బండకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆ పద్యం ముగించి ఇంకో నలభై నాలుగు పాడాను. నలభై ఏళ్ళుగా ముందుండి పాడిన మనిషి మొదటిసారి వెనక కూర్చుని విన్నాడు. ప్రతి పద్యం అయ్యాక వేలికున్న రాగి ఉంగరంతో బండ మీద ఒకసారి కొట్టేవాడు. టక్. మళ్ళీ టక్. ఒక్కసారి కూడా రెండు దెబ్బలు పడలేదు. అలాంటి రోజు వస్తే ఎగిరి గంతేయాలని చిన్నప్పుడు ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ రోజు నాకు ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

నూట ఏడో పద్యం అయిపోయింది. పూజారి కర్పూరం పళ్ళెంలో పెట్టి, వెలిగించకుండా మా కోసం చూస్తున్నాడు. నాయన కళ్ళు తెరిచి నా వైపు చెయ్యి చాపాడు.

ఇవ్వనని చెప్పాల్సిన క్షణం అది. బస్సులో వంద సార్లు అనుకున్న మాట నోట్లో సిద్ధంగా ఉంది. కానీ గుప్పిట్లోని కాగితం చెమటకు తడిసి మెత్తబడి ఉంది. అందులో ఏముందో నాకు గుర్తొచ్చింది. నాయన గొంతు నాయనకు తిరిగిమ్మని సామిని అడిగిన పద్యం అది. మూడు పాదాలూ అడగడమే. సామి బుధవారమే కాదన్న దాన్ని పట్టుకుని నేను ఇద్దరినీ బెదిరిస్తున్నాను.

"ఇది ఈడ చదివేది కాదు నాయనా" అన్నాను. అయినా ఆయన చెయ్యి చాపే ఉంచాడు. ఇచ్చేశాను.

కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. బండ మీద రెండుసార్లు కొట్టాడు. టక్ టక్.

అంత దుఃఖంలోనూ నాకు చిర్రెత్తుకొచ్చింది. "యతి సరిగ్గానే ఉండాది!"

ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు. చెవి ఆయన నోటి దగ్గర పెడితే తప్ప వినబడని గొంతుతో, "యతి కాదు మ్మే. అడిగేదే తప్పు" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నాదీ అంతే. సామికి వదిలేసినా అని అందరికీ చెప్పుకుంటి. వదల్లేదు. పట్టుకోనుండా. భయం మ్మే. గొంతు పోతే నేనెవర్ని?"

మా నాయన నోట భయం అనే మాట నేను అంతకుముందు వినలేదు. ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చున్నాను. అమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. పూజారి తొందర పెట్టలేదు.

అప్పుడు నాయన బండను పట్టుకుని లేచి నిలబడ్డాడు. సామి వైపు తిరిగాడు. మిగిలిన ఊపిరినంతా కూడదీసుకుని, గరగరమంటూనే ఒక పాదం పాడాడు. నా నోటుబుక్కులో లేని పాదం అది.

"గొంతునిచ్చినావు కోరి తీసుకొనుము"

నాకంటే ముందు అమ్మకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. నాయన ఆగి నన్ను చూశాడు. అందుకొమ్మని తనే తల ఊపాడు. ఆలోచించే తీరిక లేదు, ఆగకూడదు కదా. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నోటికి వచ్చింది.

"పాట నీది గాదె, పలుకు నీదె"

"మూగదైన నోరు" అన్నాడు నాయన. అక్కడికి ఆయన గొంతు తెగిపోయింది.

"మోయు నీ నామమ్మె" అని నేను అందుకున్నాను.

"కొండ మీది సామి కొలుతు నిన్ను" అని ముగ్గురం కలిసి పాడాం. మాతో పాటు పూజారీ పాడాడు. నాయన పెదవులు కదిలాయి, శబ్దం వచ్చిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఇన్నాళ్ళుగా గుండె మీద పెట్టుకున్న బరువు దిగిపోయింది. నేను ఏమీ అడగని పద్యం నూట ఎనిమిదిలో అదొక్కటే. రాసింది కూడా నేనొక్కదాన్ని కాదు.

హారతి కళ్ళకద్దుకున్నాక నాయన అమ్మ సంచిలోంచి తనే ఫైలు తీశాడు. సామి ఎదురుగా బండ మీద పెట్టి, పూజారి దగ్గర పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. నేను చేతి చెమటతో పాడుచేసిన ఆ కాగితాన్ని మడిచి తన జేబులో వేసుకున్నాడు. దాన్ని ఏం చేశాడో ఇప్పటికీ చెప్పలేదు.

ఆపరేషన్ అయింది. నాయన బతికాడు. మెడలో చిన్న రంధ్రం ఉంది, దాంతోనే ఊపిరి తీసుకుంటాడు, దాని మీద తడిగుడ్డ కప్పుకుంటాడు. గొంతుకు ఆనించుకుని మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. ఒకసారి పెట్టి చూసి, "తుమ్మెద మాదిరి ఉండాది, నాకొద్దు" అని పలక మీద రాశాడు. శనివారం భజనకు పోతాడు. వెనక వరసలో కూర్చుని తాళం వేస్తాడు.

ఆ తర్వాత చాలా నెలలు నేను ఒక్క పద్యం రాయలేదు. రాస్తే ఎవరికి వినిపించాలి? ఫోన్ చేస్తే అవతల ఏమీ వినబడదన్న భయంతో అమ్మతోనే మాట్లాడి పెట్టేసేదాన్ని. పోయిన వారం అంగట్లో కూర్చుని ఉండగా ఒక ఆటవెలది వచ్చింది. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్నాను. మూడో రోజు, ఇది కూడా దాచిపెట్టడమే కదే అని నన్ను నేనే తిట్టుకుని ఫోన్ చేశాను.

"మీ నాయన మగ్గం మింద కూర్చోనుండాడు. పాడు" అని అమ్మ ఫోన్ తీసుకుపోయి కొయ్య మీద పెట్టింది.

పాడాను. అవతల మగ్గం చప్పుడు ఆగింది. ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకున్నాను.

టక్ టక్.

అంగట్లో గిరాకీలు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాను, నవ్వాను. తర్వాత కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి పాడాను.